నాలుగో వార్డు గుంత చరిత్ర

ఈదులబుర్జు పట్టణం నాలుగో వార్డులో రోడ్డుకు అడ్డంగా ఒక గుంత ఉంది. నడిచే మనిషికి ఉంది, సైకిలుకు ఉంది, మేకకు ఉంది, వానొస్తే కప్పకు కూడా ఉంది. మున్సిపాలిటీకి మాత్రం లేదు.

మూడేళ్ళ కింద మంచినీళ్ళ పైపులు వేస్తామని ఒక కాంట్రాక్టరు వచ్చాడు. ఒక్క రోజులో రోడ్డును ఈ అంచు నుంచి ఆ అంచుకు అడ్డంగా కోసేశాడు. నీలం రంగు పైపు ఒకటి దాంట్లో పడేశాడు. టీ తాగొస్తానని పోయినవాడు పోయినట్టే పోయాడు. వారం తిరిగేసరికి ఆఫీసులో, కాగితం మీద, గుంత పూడిపోయింది. పూడ్చినట్టు ఒక సంతకం, సరిచూసినట్టు ఒక సంతకం, సరిచూసినవాణ్ణి సరిచూసినట్టు మరో సంతకం. మూడు సంతకాల కింద పడిన గుంతను మళ్ళీ బయటికి తీయడం ఎవరి తరం?

ఆ గుంతతో వార్డులో అందరికీ ఇబ్బందే. ప్రాణం మీదికి వచ్చింది మాత్రం ఓదెలుకు. గుంతకు అవతల, పది అడుగుల దూరంలో, అతని పిండి గిర్ని ఉంది. తండ్రి పెట్టింది. ఆ గిర్ని తప్ప ఓదెలుకు ఇంకో బతుకుతెరువు తెలియదు. యాభై రెండేళ్ళ వయసులో నేర్చుకునే ఓపికా లేదు. గుంత మీద వార్డువాళ్ళు ఒక తాటిమొద్దు వేసుకున్నారు. నెత్తిన జొన్నల తట్ట పెట్టుకుని ఆ మొద్దు మీద నడవడానికి ఏ ఆడమనిషి సాహసిస్తుంది? అందరూ బస్టాండు గిర్నికి మళ్ళారు. కారం పట్టించే కాలం, పసుపు పట్టించే కాలం మూడుసార్లు వచ్చి గుంత అవతలి నుంచే తిరిగిపోయాయి. గిర్నిలో బెల్టు తిరిగే రోజుల కంటే ఎలుకలు తిరిగే రోజులు ఎక్కువయ్యాయి. ఇంకో ఎండాకాలం ఇట్లాగే పోతే మిషను విప్పి పాత ఇనుముకు తూకం వేయాల్సిందే.

ఓదెలు పది అర్జీలు పెట్టాడు. పదకొండోది పట్టుకుని నేరుగా మున్సిపల్ ఇంజనీరు ఏ.ఈ. ఫణీంద్ర ముందుకే పోయాడు.

"సార్, గుంత పూడ్పియ్యున్రి."

"ఏ గుంత?"

"నాలుగో వార్డుది సార్."

ఏ.ఈ. ఫైలు తీశాడు. వేలు పెట్టి చదివాడు. "పూడ్చాం కదయ్యా."

"లేదు సార్. మొన్న గూడ మా అవ్వ అండ్ల పడబోయింది."

"ఎందులో?"

"గదే గుంతల."

"అది పూడ్చాం."

"మీరొక్కపారి వచ్చి కండ్లతోని సూడున్రి సార్."

ఏ.ఈ. పెన్ను మూత పెట్టి, చిన్నపిల్లవాడికి ఎక్కాలు చెప్పినంత ఓపికగా చెప్పాడు. "వచ్చి చూశాననుకో. గుంత ఉందనుకో. ఉంటే రికార్డు తప్పవుతుంది. రికార్డు తప్పయితే నేను తప్పవుతాను. నేను తప్పయితే నా పైన సంతకం పెట్టినాయన తప్పవుతాడు. ఒక్క గుంతలో ఇంతమంది పడాలా?"

"పోనీ, నేనే రెండు ట్రాక్టర్ల మొరం పోపిచ్చి పూడ్సుకుంట."

"పూడ్చిన గుంత మీద మట్టి పోస్తే దాన్ని గుట్ట అంటారు. రోడ్డు మీద గుట్ట వేయడం నేరం. నీ గిర్ని లైసెన్సు కొత్తది చేయాల్సింది మేమేనని మరిచిపోకు."

పది రోజులకు ఓదెలుకు జవాబు వచ్చింది. 'తమరి అర్జీ పరిశీలించడమైనది. నాలుగవ వార్డు యందలి సదరు గుంత పూర్తిగా పూడ్చబడి, చదును చేయబడి, వాహనముల రాకపోకలకు అనువుగా యున్నదని ఇందుమూలముగా తెలియజేయడమైనది.' కింద మూడు ముద్రలు. ఓదెలు దాన్ని చదివి, చింపబోయి, చింపడానికి కూడా మనసు రాక గిర్నిలో మేకుకు గుచ్చాడు.

పక్కనే సైకిళ్ళు బాగుచేసే మదార్ భాయ్ వచ్చి ఆ కాగితాన్ని వేళ్ళతో తడిమి చూశాడు. "గట్టి కాయిదం ఓదెలన్నా. తీస్కపోయి గుంత మీద పరుచు. లారీ పోయినా చినగది."

మూలన గోనెసంచి మీద కూర్చున్న ఓదెలు తల్లి కొమురవ్వ నవ్వలేదు. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి. చెవులు బాగానే వినిపిస్తాయి గానీ, వినదగ్గ మాట దొరికితేనే వింటుంది.

అట్లా రోజులు దొర్లుతుండగా రాజధానిలో ఒక పెద్దాయనకు చరిత్ర మీద ప్రేమ పుట్టింది. పెద్దవాళ్ళకు ప్రేమ పుడితే కింది వాళ్ళకు నిద్ర ఉండదు. వెంటనే ఒక పథకం వచ్చింది: 'పోరాట పట్టణాల యాత్ర'. వెనకటి పోరాటం రోజుల్లో దొరల మీద, నైజాం పోలీసుల మీద తిరగబడిన చిన్న చిన్న ఊళ్ళను ఎంచుకుని, ఆదివారాలు పట్నం జనాన్ని బస్సుల్లో ఎక్కించుకుపోయి చూపించి, చీకటిపడకముందే ఇంటి దగ్గర దించాలి. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం చరిత్ర, సాయంత్రం టీ.

ప్రతి మున్సిపాలిటీకి ఒక ఫారం వచ్చింది. 'మీ పట్టణంలో తిరుగుబాటు జరిగినదా? జరిగినచో కనిపించునా? కనిపించునది బస్సు ఆగు చోటు నుండి ఎన్ని అడుగులు? మరుగుదొడ్డి అంతకన్నా దగ్గరనా, దూరమా?' సోమవారంలోగా పంపాలి. మొదటి యాత్రకు ప్రిన్సిపల్ సెక్రటరీ స్వయంగా వస్తారని కింద గీత గీసి రాశారు.

మున్సిపల్ కమిషనర్ శశిభూషణరావు ఫారాన్ని రెండుసార్లు చదివాడు. ఈదులబుర్జులో తిరుగుబాటు జరిగిన మాట నిజమే. కనిపించడమే లేదు. ఊరికి పేరు తెచ్చిన పాత కోట బుర్జు సగం దానంతట అదే కూలింది. మిగతా సగం రాళ్ళు మున్సిపల్ ఆఫీసు ప్రహరీ గోడకు వాడారు. చరిత్రను చూపించాలంటే ఆయన తన గోడనే చూపించాలి.

"ఏదో ఒకటి ఉండి తీరాలి," అని ఆయన మీటింగులో బల్ల గుద్దాడు. "ఇంత చరిత్ర గల ఊళ్ళో కనీసం ఒక ఆనవాలు ఉండదా?"

"అప్పట్లో పోలీసు లారీలు రాకుండా జనం రోడ్డుకు అడ్డంగా కందకం తవ్వారని చెప్పుకుంటారు సార్," అన్నాడు ఏ.ఈ. అన్నవాడు తెరిచిన నోరు మూయలేదు. అతని కళ్ళు మెల్లగా పెద్దవయ్యాయి. మూడేళ్ళుగా కడుపులో గడ్డలా ఉన్నది ఒక్కసారిగా కరిగినట్టయింది. "సార్... నాలుగో వార్డులో రోడ్డుకు అడ్డంగా ఒక గుంత ఉందని పదకొండు అర్జీలు వచ్చాయి."

"అది మన పైపులైను గుంత కాదూ?"

"పైపులైను గుంతను పూడ్చాం సార్. రికార్డు ఉంది. పూడ్చిన గుంత ఉండదు. కానీ అక్కడ గుంత ఉంది. అంటే అది పైపులైను గుంత కాదు."

కమిషనర్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"మరైతే అది ఏ గుంత?" అన్నాడు కమిషనర్, జవాబు తెలిసినవాడిలా.

"ఈ ఊళ్ళో చరిత్రకు తెలిసిన గుంతలు రెండే సార్. ఒకటి పూడింది. మిగిలింది ఒకటే."

ఆ సాయంత్రమే ఫారం వెళ్ళింది. కనిపించునా? కనిపించును.

పురావస్తు నిపుణుడు డాక్టర్ శ్రీరంగాచార్య కారు దిగి, గుంత అంచున నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని లోపలికి తొంగిచూశాడు. పక్కనున్నవాళ్ళు కూడా తొంగిచూశారు. మదార్ భాయ్ ఒక్కడే సైకిలు ట్యూబులో గాలి కొడుతూ బుస్సుబుస్సుమనిపించాడు.

"అద్భుతం," అన్నాడు ఆచార్య. "అంచుల్లో ఆ తొందర చూశారా? ఆవేశంలో తవ్విన మనిషి చేయి ఇట్లాగే పోతుంది. నిన్న తవ్వినట్టుంది."

"మూడేండ్లయింది సార్," అన్నాడు ఓదెలు.

"అదే అంటున్నాను. అంత సజీవంగా ఉంది."

ప్రత్యక్ష సాక్షి ఉంటే నమోదు చేయాలన్నాడు. అప్పట్లో తొమ్మిదేళ్ళ పిల్లగా మట్టిగంపలు మోసిన కొమురవ్వ ఒక్కతే మిగిలిందని చెబితే ఆమె ముందు కుర్చీ వేసుకున్నాడు. చేతిలో 'మౌఖిక చరిత్ర సేకరణ పత్రం'.

"అమ్మా, కందకం ఎంత లోతు తవ్వారు?"

కొమురవ్వ లేచి నిలబడి చేత్తో గొంతు దగ్గర గీసి చూపించింది. "గిక్కడి దాక."

ఆచార్య అసిస్టెంటు టేపు పెట్టి నేల నుంచి ఆమె గొంతు దాకా కొలిచాడు. రాసుకున్నాడు.

"గప్పుడు నేను పోరిని బిడ్డా. గింత ఎత్తు లేకుంటి."

ఆ సంగతి రాసుకోవడానికి పత్రంలో చోటు లేదు.

"మరి గా గుంత గీడ కాదు. గాడ, గా ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న కాడ ఉండె. గిది..."

"స్థలం అన్న గడి ముందే నింపి తెచ్చామమ్మా," అన్నాడు ఆచార్య మర్యాదగా. "మీరు శ్రమపడక్కర్లేదు. వేలిముద్ర వేయండి."

మూడో రోజుకు బోర్డు పాతారు. 'పోరాట కందకము. రక్షిత స్థలము. దీనిని పూడ్చుట, పూడ్చుటకు ప్రయత్నించుట, పూడ్చవలెనని ప్రేరేపించుట శిక్షార్హమైన నేరములు.' దాంతో పాటు ఒక నిబంధన దిగింది: కందకానికి వంద మీటర్ల లోపల కొత్త కట్టడాలు గానీ, మరమ్మతులు గానీ, భారీ యంత్రాలు గానీ పనికిరావు. గిర్ని పది అడుగుల దూరంలో ఉంది. గోరుచుట్టు మీద రోకటిపోటు.

ఓదెలు పరుగున ఆఫీసుకు పోతే కమిషనర్ లేచి నిలబడి మరీ చేయి కలిపాడు. జీవితంలో మొదటిసారి ఒక ఆఫీసరు చేయి కలిపేసరికి ఓదెలుకు భయం వేసింది.

"నువ్వు అదృష్టవంతుడివయ్యా. వారసత్వ సంపదకు పొరుగువాడివి. గిర్ని సంగతి నాకు వదిలెయ్. నిరభ్యంతర పత్రం ఇప్పిస్తాను. కానీ ఊరికే ఇస్తే అడిగేవాళ్ళు ఉంటారు. నిన్ను కందక సంరక్షకుడిగా నియమిస్తున్నాం. గౌరవ హోదాలో."

"అంటే నేనేం జెయ్యాలె సార్?"

"ఎవరూ పూడ్చకుండా చూడాలి."

పదకొండు అర్జీలు పెట్టిన మనిషి ఆ సాయంత్రం మెడలో పచ్చతాడుకు వేలాడే కార్డుతో ఇంటికొచ్చాడు. కార్డు మీద ఫోటో, కింద 'కందక సంరక్షకుడు (గౌరవ)'.

"సంరక్షకుడు సాబ్, సలాం," అన్నాడు మదార్ భాయ్. "ఇగ మా మేక అండ్ల వడ్డదంటే మేక మీద కేసా, గుంత మీద కేసా?"

"నవ్వకు భాయ్. గిది మెడల లేకపోతే గిర్నికి తాళమే."

"ఉంటే మాత్రం గిరాకి ఏ మొద్దు మీదికెళ్ళి వస్తది?"

కొమురవ్వ కొడుకు మెడలోని కార్డును దగ్గరికి లాక్కుని చూసింది. "మీ నాయిన పోలీసోన్ని సూసి ఉరికిండు గని వాళ్ళ పట్టీ మెడకు కట్టుకోలే," అని మాత్రం అంది.

ఆ తర్వాత 'పరిరక్షణ పనులు' మొదలయ్యాయి. సాక్షి గొంతు కొలత ప్రకారం కందకం ఇంకా లోతుగా ఉండాలి. మూడేళ్ళలో వానలకు జారిన మట్టి వల్ల అసలు రూపం పోయిందట. పదిమంది కూలీలు దిగి మళ్ళీ తవ్వారు. ఇప్పుడు ఆ తాటిమొద్దు కూడా అందలేదు; తీసి పక్కన పారేశారు. తవ్విన మట్టిని అంచున కుప్పగా పోసి, దాని మీద 'ప్రాచీన మృత్తిక, తాకరాదు' అని పలక గుచ్చారు. గుంతకు అటువైపు వాళ్ళు ఇటువైపు రావాలంటే పెద్ద కాలువ పక్కనుంచి మైలు తిరిగి రావాలి.

తవ్వుతుంటే గడ్డపారకు టంగుమని ఏదో తగిలింది. మట్టి దులిపితే నీలం రంగు పైపు.

అందరూ గుంత చుట్టూ మూగారు. పైపు మీద కంపెనీ పేరు, కొలత, తయారైన సంవత్సరం అచ్చుపోసి ఉన్నాయి. ఎండ పడి అక్షరాలు తళతళ మెరుస్తున్నాయి.

కమిషనర్ గొంతు తగ్గించాడు. "ఫణీంద్రా, ఇది మనది కాదు గదా?"

"మన పైపుల్లో నీళ్ళు పారుతున్నాయి సార్. రికార్డు ఉంది. దీంట్లో చుక్క లేదు. కాబట్టి మనది కాదు."

కమిషనర్ ఆచార్య వైపు తిరిగాడు. ఆచార్య మోకాళ్ళ మీద కూర్చుని పైపు ఒక చివర చెవి పెట్టి విన్నాడు. లేచి ప్యాంటు దులుపుకున్నాడు.

"గొట్టం ఆకారపు వస్తువు. పోరాటకారులు ఒక గట్టు నుంచి ఇంకో గట్టుకు రహస్యంగా మాట్లాడుకోవడానికి వాడి ఉండవచ్చు."

"తయారైన ఏడాది గూడ ఉంది గద సార్ దాని మీద," అన్నాడు మదార్ భాయ్.

"అక్షరాలు తర్వాతి కాలపు చేర్పు అయి ఉండవచ్చు," అన్నాడు ఆచార్య. 'ఉండవచ్చు' అన్న మాట ఆయన ఇంటి దేవుడు.

పైపును రెండడుగుల మేర కోసి అద్దాల పెట్టెలో పెట్టారు. మదార్ భాయ్ పెట్టె ముందు నిలబడి దండం పెట్టాడు. "మూడేండ్ల సంది నీళ్ళు రాలే గని, మాటలన్న వచ్చినయి."

యాత్రకు ఇంకా నాలుగు రోజులు ఉందనగా ఏర్పాట్ల మీటింగు పెట్టారు. సంరక్షకుడు గనుక ఓదెలుకు చివరి కుర్చీ దొరికింది. కమిషనర్ కార్యక్రమం చదివాడు.

"పది గంటల ఐదు నిమిషాలకు స్వాగతం. పది పదికి బొట్టు, పూలు. పది ఇరవై ఐదుకు కందక సందర్శన, పన్నెండు నిమిషాలు. పది ముప్పై ఏడుకు భావోద్వేగం, మూడు నిమిషాలు. పది నలభైకి ఫోటోలు."

"భావోద్వేగానికి మూడు నిమిషాలు సరిపోతుందా సార్?" అన్నాడొక క్లర్కు.

"పక్క ఊళ్ళో రెండే ఇచ్చారు. మనం ఒకటి ఎక్కువిచ్చాం."

అసలు చిక్కు తర్వాత వచ్చింది. భోజనాలు నాలుగో వార్డు బడిలో. బడి గుంత అవతల ఉంది. బస్సు అటు పోవాలంటే గుంత పూడ్చాలి. పూడిస్తే చూడటానికి ఏమీ ఉండదు. వంతెన వేద్దామంటే వంద మీటర్ల నిబంధన. గంటసేపు తర్జనభర్జన జరిగింది. చివరికి భోజనాలను మార్కెట్ యార్డుకు మార్చి, బస్సును గుంతకు ఇరవై అడుగుల ఇవతల ఆపడానికి నిర్ణయించారు.

అప్పుడు కమిషనర్‌కు ఒక ఊహ తట్టింది. "శిలాఫలకానికి గుడ్డ కప్పి ఆవిష్కరిస్తాం. విగ్రహానికి గుడ్డ కప్పి ఆవిష్కరిస్తాం. కందకం ఏం పాపం చేసింది?"

అందరూ చప్పట్లు కొట్టారు. టెంటు హౌసు నుంచి ఎర్ర తివాచీ తెప్పించి గుంతను ఈ అంచు నుంచి ఆ అంచుకు బిర్రుగా కప్పాలి. సెక్రటరీ గారు నడిచొచ్చి రిబ్బను లాగితే తివాచీ పక్కకు జరిగి చరిత్ర కనిపించాలి.

ముందు వచ్చే పైలట్ జీపుకు దారి మ్యాపు ఇవ్వాలి. అది ఇంజనీరింగ్ శాఖ పని. ఏ.ఈ. గీసిన మ్యాపు చేతులు మారుతూ ఓదెలు దగ్గరికొచ్చింది. నాలుగో వార్డు రోడ్డు గీటు గీసినట్టు తిన్నగా ఉంది.

"ఇండ్ల గుంత లేదు గద సార్?"

"రికార్డుకు విరుద్ధంగా నేను గీయలేను," అన్నాడు ఏ.ఈ. "మా శాఖ ప్రకారం అక్కడ రోడ్డు. వారసత్వ శాఖ ప్రకారం కందకం. ఎవరి మ్యాపు వాళ్ళది."

"మరి జీపాయనకు గుంత ఉన్నదని ఎవలు చెప్తరు?"

"మ్యాపు చెబుతుంది."

"మ్యాపుల లేకపాయె."

"లేనిదాన్ని మ్యాపు ఎట్లా చెబుతుందయ్యా?" అని ఏ.ఈ. విసుక్కున్నాడు. కమిషనర్ తర్వాతి అంశానికి పోయాడు. తర్వాతి అంశం తలపాగాల రంగు.

ఆదివారం వచ్చింది. మామిడి తోరణాలు, మైకులో పాటలు, తెల్లచొక్కాలు. బడిపిల్లలు రెండు వరుసల్లో ఎండలో నిలబడ్డారు. కొమురవ్వకు కొత్త చీర పెట్టి, గిర్ని గద్దె మీద కుర్చీ వేసి కూర్చోబెట్టారు, గుంత అవతల, ఫోటోలో పడేట్టు. పక్కన ఓదెలు, మెడలో కార్డు. ఆ ఉదయమే కమిషనర్ జేబులోంచి నిరభ్యంతర పత్రం తీసి దూరం నుంచి చూపించి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "కార్యక్రమం కాగానే," అన్నాడు.

రెండు గట్ల మధ్య ఎర్ర తివాచీ తళతళలాడుతోంది. పూలు కూడా చల్లారు.

పది గంటల ఐదు నిమిషాలకు రావలసిన వాళ్ళు పదకొండున్నరకు వచ్చారు. ముందు పైలట్ జీపు, వెనక సెక్రటరీ కారు, ఆ వెనక నలభై మందితో బస్సు. జీపు డ్రైవరు జిల్లా కేంద్రం మనిషి. మ్యాపు చూశాడు: తిన్నని రోడ్డు. కళ్ళెత్తి చూశాడు: రోడ్డు మీద ఎర్ర తివాచీ, పూలు. ఇంత మర్యాద పెద్దసారు బండికి కాకపోతే ఇంకెవరికి? ముందు బండి తనది గనుక ముందు తనే పోవాలి. కమిషనర్ చేతులు అడ్డంగా ఊపితే రమ్మంటున్నాడనుకున్నాడు. ఇంకాస్త యాక్సిలరేటర్ తొక్కాడు.

తివాచీ ఒక్కసారి లోపలికి మింగుడుపడినట్టు దిగబడింది. జీపు ముక్కు కిందికి, తోక పైకి. వెనక చక్రాలు గాల్లో తిరుగుతున్నాయి. డ్రైవరు టోపీ మాత్రం గుంత దాటి వచ్చి ఓదెలు కాళ్ళ దగ్గర పడింది. డ్రైవరుకు ఏమీ కాలేదు. తలుపులోంచి పాక్కుంటూ బయటికొచ్చి, అలవాటు కొద్దీ సెల్యూట్ కొట్టాడు.

మైకు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఒక నవ్వు వినిపించింది. బోసినోటి నవ్వు. కొమురవ్వ కుర్చీలో అటూ ఇటూ ఊగుతూ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. కొడుకు పుట్టి బుద్ధెరిగిన కాన్నుంచీ అవ్వ అట్లా నవ్వగా చూడలేదు.

"గప్పుడు గూడ గిట్లనే! పోలీసోళ్ళ లారి గిట్లనే ముక్కు పెట్టింది! గిట్లనే తోక లేపింది!"

కారు దిగిన సెక్రటరీ ముందు కోపంగా చూసి, ఆ మాటలు విని ముఖం మార్చాడు. "ఇదీ, సజీవ చరిత్ర అంటే ఇదీ," అన్నాడు. గుంత అంచుకు వచ్చి గొంతెత్తి అడిగాడు. "అమ్మా, ఈ కందకం తవ్వింది మీరేనా?"

కమిషనర్, ఏ.ఈ., ఆచార్య ముగ్గురూ ఒకేసారి ఒక అడుగు ముందుకు వేశారు.

"మేమెందుకు తవ్వుతం బిడ్డా దీన్ని? గిది పైపులాయన తవ్విండు. మాది నువ్వు కారు ఆపినవే, గా ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఉండె."

"వయోభారం సార్," అన్నాడు ఆచార్య.

"రికార్డు ప్రకారం సార్..." అన్నాడు ఏ.ఈ.

"మరి మీ కందకం ఏమైందమ్మా?" అన్నాడు సెక్రటరీ.

"ఏమయితది? పొద్దుగాల్ల తవ్వినం. లారి వచ్చింది, పడ్డది, గుంజుకొని వాపస్ పోయింది. పొద్దుగూకే వరకు మేమే పూడ్సినం."

"అంత చరిత్రను పూడ్చేశారా?"

ముసలమ్మ ఆయన్ను జాలిగా చూసింది. "పూడ్సకపోతే మా బండ్లెట్ల పోతయి సారూ?"

సెక్రటరీ తల తిప్పాడు. ఎవరైనా ఒక బాధ్యత గల మనిషి కోసం చూశాడు. మెడలో పచ్చతాడు, కార్డు కనిపించాయి. "సంరక్షకుడు గారూ, మీరు చెప్పండి. ఈ కందకం పోరాటకాలం నాటిదేనా?"

ఓదెలు కమిషనర్ వైపు చూశాడు. కమిషనర్ చేయి జేబు మీద ఉంది. జేబులో నిరభ్యంతర పత్రం. అవునంటే గిర్ని ఉంటుంది, గుంతా ఉంటుంది. కాదంటే గుంత సంగతేమో గానీ, గిర్ని రేపే పోతుంది. వెనక్కి తిరిగి చూశాడు. గిర్ని గడప మీద ఎలుక ఒకటి తీరిగ్గా మూతి తుడుచుకుంటోంది. గిరాకీ రాని గిర్నికి పత్రమెందుకు, పటం కట్టుకోవడానికా?

"మా అవ్వ చెప్పిందే నిజం సార్. నేను పదకొండు దరఖాస్తులు పెట్టిన."

సెక్రటరీ గడియారం చూసుకున్నాడు. భావోద్వేగానికి ఇచ్చిన మూడు నిమిషాలు అయిపోయాయి. "సమగ్ర నివేదిక సమర్పించండి," అని కారెక్కాడు. బస్సు కూడా వెనక్కి తిరిగింది. యాత్రికులు కిటికీల్లోంచే జీపు తోకకు ఫోటోలు తీసుకున్నారు. మార్కెట్ యార్డులో భోజనాలు బాగున్నాయని తర్వాత తెలిసింది.

కమిషనర్ మార్కెట్ యార్డుకు పోయే ముందు జేబులోంచి పత్రం తీశాడు. ఓదెలు చూస్తుండగా నిలువునా చింపాడు.

జీపు మిగిలింది. క్రేను తెప్పిద్దామంటే భారీ యంత్రం. వంద మీటర్ల నిబంధన. డ్రైవరు ఏడుపు ముఖం పెట్టుకుని మోకులు అడిగాడు. వార్డంతా కదిలింది. నలభై చేతులు గుంజితే జీపు బయటపడింది. డ్రైవరు అందరికీ దండం పెట్టి పోయాడు.

జనం మాత్రం పోలేదు. చేతులకు పని తగిలింది గదా, ఊరుకోబుద్ధి కాలేదు. అందరి కళ్ళూ 'ప్రాచీన మృత్తిక, తాకరాదు' మీద పడ్డాయి.

"ఏంది సూస్తున్నరు?" అంది కొమురవ్వ కుర్చీలోంచి లేస్తూ. "గంప తేరా ఓదెలు."

"అవ్వా, కేసయితదే. నేను సంరక్షకున్ని."

"మేము తవ్విన నాడు గూడ కేసయితదనే అన్నరు."

ఓదెలు గిర్నిలోంచి పార తెచ్చాడు. మెడలోంచి పచ్చతాడు తీసి గుంతలోకి విసిరాడు. మొదటి పార మట్టి దాని మీదే పోశాడు.

మదార్ భాయ్ సైకిలు పంపు పక్కన పెట్టి పార అందుకున్నాడు. ఆడవాళ్ళు గంపలు తెచ్చారు. కొమురవ్వ కొత్తచీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, రెండు దోసిళ్ళ మట్టి ఉన్న గంప ఒకటి మోసి, అందరికంటే గట్టిగా రొప్పింది. పొద్దు వాలకముందే గుంత పూడింది. దాని మీదుగా మొట్టమొదట దాటింది ఒక తట్ట జొన్నలు.

వారానికి నోటీసు వచ్చింది. 'రక్షిత కందకమును పూడ్చినందుకు, సంరక్షకుడైన తమరిపై చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను. అట్లు ఇవ్వనిచో గిర్ని లైసెన్సు రద్దు చేయబడును.'

మదార్ భాయ్ ముఖం వాడిపోయింది. ఓదెలు నోటీసును రెండుసార్లు చదివాడు. తర్వాత గిర్నిలో మేకు వైపు చూశాడు. పిండి పట్టి తెల్లబడిన పాత కాగితం ఇంకా అక్కడే వేలాడుతోంది. దులిపి తీశాడు. క్యాలెండరు వెనక సంజాయిషీ రాశాడు.

'అయ్యా, నాలుగో వార్డు గుంత పూర్తిగా పూడ్చి, చదును చేసి, బండ్లు పోయేటట్టు ఉన్నదని తమరే మూడు ముద్రలతో నాకు తెలియజేసినారు. ఆ కాగితం నకలు దీనితో జతచేసినాను. పూడ్చిన గుంతను మళ్ళీ ఎట్లా పూడుస్తారో నాకు తెలియదు. నేను గుంత పూడ్చినానని కేసు పెట్టేటట్టయితే, అప్పటిదాకా గుంత ఉండెనని ముందు తమరు రాసివ్వగలరు.'

ఆఫీసులో తలుపులు మూసుకుని మూడు గంటలు మీటింగు జరిగింది. టీలు నాలుగుసార్లు లోపలికి పోయాయి. కేసు పెట్టాలంటే గుంత ఉందనాలి. ఉందంటే మూడు సంతకాలు లేస్తాయి. చివరికి ఏ.ఈ. స్వయంగా నాలుగో వార్డుకు వచ్చాడు. మూడేళ్ళలో ఫైలు పట్టుకుని తనిఖీకి రావడం అదే మొదటిసారి. రోడ్డు మీద నిలబడి బూటు కాలితో రెండుసార్లు తన్ని చూశాడు. గట్టిగా ఉంది. 'రికార్డుకును, క్షేత్రస్థాయికిని తేడా లేదు' అని రాసి ఫైలు మూశాడు. అతని ఉద్యోగంలో అంత నిజం రాయడం కూడా అదే మొదటిసారి. గుంత లేదు గనుక వంద మీటర్లూ లేవు. నెల తిరగకముందే గిర్ని లైసెన్సు కొత్తదయింది.

బోర్డు మాత్రం ఉంది. దాన్ని తీయడానికి వేరే కమిటీ కావాలట. రాజధాని జాబితాలో ఊరి పేరు కూడా అట్లాగే ఉంది. తీయడానికి దానికీ ఒక కమిటీ. అందుకని ఆదివారం ఆదివారం బస్సు వస్తోంది. పట్నం జనం దిగి, 'దీనిని పూడ్చుట శిక్షార్హమైన నేరము' అన్న బోర్డు పక్కన, చదునైన రోడ్డు మీద నిలబడి, అటూ ఇటూ చూసి, ఫోటోలు తీసుకుంటారు. గిర్నిలో కారం ఘాటుకు రెండు తుమ్ములు తుమ్ముతారు.

ఒక కళ్ళద్దాల అమ్మాయి గిర్ని గద్దె మీద కూర్చున్న కొమురవ్వను అడిగింది. "అవ్వా, ఇక్కడ కందకం ఉండాలి కదా, ఏదీ?"

"పూడ్సినం బిడ్డా."

"ఎప్పుడు?"

లోపల బెల్టు గిర్రున తిరుగుతోంది. కొమురవ్వ ఆ చప్పుడు మీదుగా, రెండు వేళ్ళు పైకెత్తి చూపిస్తూ చెప్పింది.

"రెండుసార్లు."